అనుభవం: నిల్

మా చిన్నదాన్ని బళ్ళో వేసిన జూన్ నెలలోనే నేను ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. గుంటూరు శివార్లలో మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీ ఒకటి కొత్తగా కట్టారు. దాని ఆఫీసులో టైపిస్టు కావాలని పేపర్లో పడింది. పెళ్ళికి ముందే నేను ఇంగ్లీషు టైపు లోయరూ హయ్యరూ పాసయ్యాను. తర్వాత తొమ్మిదేళ్ళు ప్రత్తిపాడు దగ్గర మా ఊళ్ళో, ముగ్గురు పిల్లలతో గడిచిపోయాయి. మిషను ముట్టుకున్న పాపాన పోలేదు. ప్రకటన చూసిన రోజు నుంచీ పొయ్యి గట్టు మీద వేళ్ళు ఆడిస్తూ ఏ ఎస్ డి ఎఫ్ అని గొణుక్కునేదాన్ని. మా పెద్దమ్మాయి చూసి, "నువ్వు కూడా చదువుకుంటున్నావా అమ్మా?" అంది.

మా ఆయన బడిపంతులు. వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. "ముందు పిలవనీ, చూద్దాం" అన్నాడు. పిలిచారు.

వరండాలో ఏడుగురం కూర్చున్నాం. ఆడదాన్ని నేనొక్కదాన్నే. లోపలి నుంచి మిరప ఘాటు కొడుతుంటే అందరం దగ్గుతూనే ఉన్నాం. నా వంతు రాగానే మేనేజరు ముందు ఒక ఉత్తరం కొట్టించాడు. ఒకే ఒక్క తప్పు పడింది. కాగితం తిప్పి చూసి, "పర్లేదే, బాగానే కొట్టారు" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"పిల్లలెంతమంది?"

"ముగ్గురండీ."

"మరి వంటెవరు చేస్తారు?"

హాస్యమాడుతున్నాడనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

"పొద్దున్నే చేసేసి వస్తానండీ."

"పిల్లలకి జ్వరమొస్తే?"

"మా అత్తగారున్నారండీ."

"మీవారు ఒప్పుకున్నట్టు ఓ కాగితం రాయించుకు రావాల్సిందమ్మా. సరే, ఈ తొమ్మిదేళ్ళూ ఏం చేశారు?"

"ఏం చెయ్యలేదండీ. ఇంట్లోనే ఉన్నాను."

దరఖాస్తులో 'అనుభవం' అన్న చోట నేను ఖాళీ వదిలాను. ఆయన ఎర్రసిరా పెన్ను తీసుకుని అక్కడ 'నిల్' అని రాశాడు. రాసి, కింద గీత కూడా గీశాడు. "కబురు చేస్తాంలెండి" అన్నాడు.

నా తర్వాత వెళ్ళినాయన ఐదు నిమిషాల్లో బయటికొచ్చాడు. ముప్పై దాటిన మనిషి. ఉండబట్టలేక అడిగాను, "మీకు పిల్లలున్నారా అండీ?" అని.

"ఇద్దరండీ."

"జ్వరమొస్తే ఎవరు చూస్తారని అడిగారా?"

ఆయన వింతగా చూశాడు. "నన్నెందుకు అడుగుతారండీ?"

బస్సు ఆగే చోటికి నడిచాను. ఎండకి చెప్పులు కాలుతున్నాయి. ఆ మేనేజరు మీద కోపం సగమే. మిగతా సగం నా మీదే. ఏం చెయ్యలేదని చెప్పింది నా నోరే కదా. రెండోవాడికి ఏడాది నిండకముందే ఫిట్సు వస్తే, మా ఆయన ఊళ్ళో లేకపోతే, పత్తి బోరాల ట్రాక్టరెక్కి వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని గుంటూరు పెద్దాసుపత్రికి తెచ్చింది ఎవరు? దారి పొడుగునా వాడు ఊపిరి తీస్తున్నాడో లేదో ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్నది ఎవరు? అది ఏమీ చెయ్యకపోవడమా? అంత తేలిగ్గా, అండీ అని కూడా తగిలించి, ఎలా చెప్పాను?

ప్రత్తిపాడు బస్సు వచ్చింది. ఎక్కలేదు. వెనక్కి వెళ్ళాను.

"లోపల మనుషులున్నారమ్మా" అంటూ అటెండరు అడ్డొచ్చాడు. "ఉండనీ" అని తలుపు తోసుకుని వెళ్ళాను.

"నా దరఖాస్తు ఒకసారి ఇవ్వండి. అందులో ఒక తప్పు పడింది."

మేనేజరు ఏదో అంకె తప్పనుకున్నట్టున్నాడు, ఇచ్చాడు. బల్ల మీదున్న ఆయన పెన్నే తీసుకున్నాను. నిల్ కొట్టేసి, ఆ పక్కన 'తొమ్మిదేళ్ళు ముగ్గురు పిల్లల్ని పెంచాను' అని తెలుగులోనే రాశాను. అక్షరాలు వంకర పోయాయి.

ఆయన చదివి, ఎదురుగా కూర్చున్న కుర్రాడికి చూపించి నవ్వాడు. "ఇది దరఖాస్తమ్మా. ఇలాంటివి ఇందులో రాయరు."

"బయట ఒకాయనకి ఇద్దరు పిల్లలు. ఆయన్ని ఎందుకడగలేదండీ?"

"ఆయన మగాడు కదమ్మా!"

నేనేదో తిక్క మనిషినన్నట్టు, ఎంతో ఓపిగ్గా చెప్పాడు. ఆ ఓపికే నన్ను ఎక్కువ మండించింది. "అయితే ప్రకటనలో మగవాళ్ళే కావాలని వెయ్యాల్సింది. బస్సెక్కి రాకపోదును" అని వచ్చేశాను. కబురు రాలేదు. వస్తుందనీ అనుకోలేదు.

ఇంటికొచ్చి జరిగింది చెబితే మా ఆయన, "వెనక్కెందుకు వెళ్ళావ్? అనవసరంగా!" అన్నాడు. ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ మరుసటేడు ఒక పత్తి జిన్నింగు మిల్లులో టైపిస్టు పని ఖాళీ అయింది. ఆ యజమానిగారు పెద్దాయన. ఒక ఉత్తరం కొట్టించుకుని, "సోమవారం నుంచి రాగలరా?" అని మాత్రం అడిగారు. చేరాను.

చేరిన రెండో నెలలో చిన్నదానికి తట్టు పోసింది. మధ్యాహ్నం సెలవడిగితే యజమానిగారు సరే అన్నారు. పక్క బల్ల దగ్గర గుమాస్తాగారు మాత్రం, "ఆడాళ్ళని పెట్టుకుంటే ఇంతే" అని నాకు వినబడేట్టే అన్నారు.

సంచీ భుజాన వేసుకున్నదాన్నల్లా ఆగాను. "నిన్న మీ మిరపకాయలు అమ్ముకోడానికని పదకొండింటికే మార్కెట్ యార్డుకి వెళ్ళారు. నేను ఒక్క మాటన్నానా?" అన్నాను. అందరూ తలలెత్తి చూశారు.

ఆయన నాతో నెలరోజులు మాట్లాడలేదు. ఆ నెల నా పని ఎంతో చురుగ్గా సాగింది.