గూడబాతుకు జవాబు

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా జిల్లా వార్తల మీద నడిచే ఒక ఆన్‌లైన్ చర్చల గుంపులో ‘గూడబాతు’ అనే పేరుతో రాసేది నేనే.

నన్ను ఎరిగినవాళ్ళెవరూ నమ్మరు. ఆఫీసులో నేను రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆటోలో దిగాల్సిన చోటు దాటిపోతున్నా ఆపమని అడగలేక, ఇంకెవరో దిగేచోట దిగి వెనక్కి నడిచిన రోజులున్నాయి. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకు రోజూ రైల్లో ఉద్యోగానికి వెళ్ళివస్తాను. ఆ కాసేపట్లో ఫోనులో వార్తలు చదువుతాను, వాటి కింద జనం రాసినవీ చదువుతాను. చంద్రుడి మీదకు పంపిన నౌక దగ్గర్నుంచి కొత్త టీకా దాకా, జిల్లా హద్దుల దగ్గర్నుంచి ఎన్నికల దాకా అన్నిటికీ అక్కడ ఎవరో ఒకరు తీర్పు చెప్పేస్తూ ఉంటారు. మొదట్లో నా జవాబులు డైరీలోనే రాసుకునేదాన్ని. తర్వాత తెలిసింది, ఒక కొల్లేటి పక్షి పేరూ దాని బొమ్మా పెట్టుకుంటే చాలని. గుంపులో అందరూ గూడబాతును రిటైరైన ఇంజనీరు అనుకున్నారు. ‘మీరు చెప్పండి సార్’ అని అడిగేవారు. నేను కాదనలేదు.

కొల్లేరు అభయారణ్యం హద్దు తగ్గించాలన్న వార్త ఒకరోజు గుంపులోకి వచ్చింది. ఎవరో దాని పక్కన ఉపగ్రహం తీసిన రెండు బొమ్మలు పెట్టారు. పాత బొమ్మలో సరస్సు ఒకే పెద్ద మచ్చ. కొత్త బొమ్మలో గళ్ళ లుంగీ పరిచినట్టు చేపల చెరువులు. పార్టీలవారీగా తిట్టుకోవడం మొదలైంది. నేను రెండు రోజులు డైరీలో రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, మూడో రోజు రైలు దెందులూరు దాటుతుండగా పెట్టాను. తమ్మిలేరూ బుడమేరూ తెచ్చే నీళ్ళు కొల్లేరులో చేరి, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోవాలి కదా, దారిలో ఇన్ని గట్లు అడ్డముంటే ఎటు పోతాయని అడిగాను. అక్కడితో ఆపితే బాగుండేది. చివర ఇంకో వాక్యం చేర్చాను: ‘సరస్సును గదులుగా కోసుకున్నవాళ్ళే మునిగిపోయామని ఏడవడం చోద్యం.’

ఆ వాక్యం చాలామందికి నచ్చింది. అందరికన్నా నాకు నచ్చింది. డైరీలో దాన్ని మంచి చేతిరాతతో మళ్ళీ రాసుకున్నాను.

ఆ ఆదివారం పొద్దున్నే పిన్ని వాళ్ళింటికి వెళ్ళాను. పిన్ని మా అమ్మ చెల్లెలు. వాళ్ళది కొల్లేరు అంచున ఊరు. బాబాయికి రెండు చేపల చెరువులున్నాయి. రాసేటప్పుడు వాళ్ళు గుర్తు రాలేదంటే అబద్ధం. గుర్తొచ్చారు. బాబాయి ఇలాంటివి చదవడులే అనుకున్నాను.

కాళ్ళు కడుక్కుని లోపలికి రాగానే బాబాయి తన ఫోను నా చేతిలో పెట్టాడు. పక్క చెరువు ఆయన పంపాడట. చూస్తే నా పక్షి బొమ్మ, నా వాక్యం.

“పేరు చూడు, గూడబాతంట,” అన్నాడు. “చెరువులో పడి తినేది చాలక ఇప్పుడు ఫోనులోకీ వచ్చింది.”

“ఏవండీ, ఓ టపాకాయ కాల్చండి, ఎగిరిపోద్ది,” అంది పిన్ని వంటింట్లోంచి. చెరువుల మీద వాలే పక్షుల్ని తోలడానికి అక్కడ టపాకాయలే కాలుస్తారు.

నవ్వకపోతే తెలిసిపోతుందేమోనని నేనూ నవ్వాను.

అప్పుడు బాబాయి అడిగాడు, తన పేరుతో ఒక జవాబు రాసిపెట్టమని. తను రాస్తే నలుగురూ నవ్వుతారట. నేను పుస్తకాలు చదివేదాన్ని కాబట్టి నాకు మాటలు దొరుకుతాయట.

చెప్పెయ్యాల్సింది అప్పుడే. కానీ నేను నోరు విప్పి మాట్లాడే ఇల్లు, మాటకు మాట అని వాదించే ఇల్లు నాకు అదొక్కటే. చెప్తే పిన్ని ఎప్పటిలాగే అన్నం పెడుతుంది. బాబాయి ఆటో దాకా వస్తాడు. కానీ ఆ పైన నేను అక్కడ కూర్చున్నంతసేపూ, ఈ పిల్ల మన గురించి ఏం రాస్తుందోనని ఇద్దరూ మాటలు ఏరుకుంటారు. మీరేం చెప్తే అది రాస్తాను బాబాయ్ అన్నాను.

మేత కట్టే వేళయింది. చెరువులో వరసగా కర్రలు పాతి ఉంటాయి. తవుడూ వేరుశనగ చెక్కా కలిపి చిల్లుల సంచుల్లో పోసి, పడవలో వెళ్ళి ఒక్కో కర్రకూ ఒక్కో సంచి కడతారు. ఆ చిల్లుల్లోంచి చేపలు లాక్కుని తింటాయి. బాబాయి కడుతూ చెప్తున్నాడు. నేను మేత సంచుల మధ్య కూర్చుని ఆయన ఫోనులో రాస్తున్నాను.

“మాది జిరాయితీ భూమని ముందు రాయి. మా నాన్న పేరున పట్టా ఉంది.”

తర్వాతి కర్ర దగ్గర, వరి వేసిన రోజుల్లో పంట ఎన్నిసార్లు నీళ్ళలోనే కుళ్ళిందో చెప్పాడు. విసిగిపోయి చెరువు తవ్వారట. అభయారణ్యం హద్దులో ఉందని ఒక ఏడాది ప్రభుత్వ యంత్రాలు వచ్చి ఆ చెరువు గట్టు కొట్టేశాయి. ఎంతకాలానికో మళ్ళీ వేసుకున్నారు. అది నాకు లీలగా తెలుసు, ఇంట్లో ఎవరూ ఎక్కువ మాట్లాడరు.

“గట్టు కొట్టేసిన రోజు చేపలు రోడ్డు మీదకొచ్చేశాయి. మీ పిన్ని చెంగు దోపుకుని బుట్టలోకి ఏరింది. ఎన్నని ఏరుద్ది? నువ్వప్పుడు చిన్నపిల్లవి.” సంచి ముడి వేయకుండా పట్టుకుని నిలబడ్డాడు. “ఏడవడం చోద్యం అన్నాడుగా ఆయన. ఏడ్చానని రాయి.”

రాశాను.

తిరిగొచ్చాక అరుగు మీద కూర్చుని దాన్నంతా సరిచేశాను. గూడబాతు వాదంలో ఎక్కడ పట్టు లేదో నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? పట్టా సంగతీ, కుళ్ళిన వరి సంగతీ, రోడ్డు మీద చేపల సంగతీ ఒకదాని తర్వాత ఒకటి పేర్చాను. నీళ్ళ దారి మాట మాత్రం ఎత్తలేదు. దానికి జవాబు నా దగ్గర లేదు. బాబాయి తరఫున రాస్తూ బాబాయి ఓడిపోయే మాట ఎందుకు రాయడం అనుకున్నాను. ఆయన రెండుసార్లు చదివి గుంపులో పెట్టేశాడు.

సోమవారానికి గుంపంతా బాబాయి వైపు తిరిగింది. గూడబాతు గారు నోరు మెదపరేం అని అడుగుతున్నారు. రైల్లో కూర్చుని నేను రాసినదానికి నేను రాసిన జవాబు చదువుకున్నాను. నాలుగు రోజులు ఏమీ రాయలేకపోయాను. ఐదో రోజు గూడబాతు పేరుతో ఇంతే రాశాను: ‘ఏడవడం గురించి నేను రాసిన వాక్యం తప్పు. తీసేస్తున్నాను. ఆ రైతుగారు క్షమించాలి. నీళ్ళ దారి గురించి అడిగింది మాత్రం అలాగే ఉంచుతున్నాను.’

డైరీలో మంచి చేతిరాతతో రాసుకున్నదాన్ని కొట్టెయ్యలేదు. దాని పక్కన ‘ఏడ్చానని రాయి’ అని రాశాను.

రెండు వారాల తర్వాత మళ్ళీ పిన్ని వాళ్ళింటికి వెళ్ళాను. భోజనాల దగ్గర ఆ మాటే రాలేదు. పిన్ని కొత్త మిక్సీ గురించి చెప్పింది. నేను అన్నం సరిగ్గా తినడం లేదంది. సాయంత్రం ఏలూరు ఆటో కోసం బాబాయి నాతో గట్టు మీదుగా రోడ్డు దాకా వచ్చాడు. దారిలో చెరువులో రెండు గూడబాతులు కనిపిస్తే ఆగి, జేబులోంచి టపాకాయ తీసి కాల్చాడు. అవి తాపీగా లేచి పక్కాయన చెరువులో వాలాయి.

ఆటో వచ్చింది. నేను ఎక్కి కూర్చున్నాక ఆయన కమ్మీ పట్టుకుని లోపలికి వంగాడు.

“ఆ గూడబాతాయన మంచాయనేనమ్మా, అన్న మాట వెనక్కి తీసుకున్నాడు. మన జవాబే బాలేదు. గట్లు అడ్డమేగా మరి, నీళ్ళెటు పోతాయి? ఆ ముక్క నువ్వెందుకు రాయలేదు?”