బండెంత బరువండీ?

కొల్లేట్లో నాకు చిక్కిన కొర్రమేను నా పడవను కైకలూరు దాకా లాక్కెళ్లిందన్న సంగతి మా చుట్టాలందరికీ తెలుసు. చెప్పగా చెప్పగా వాళ్లకు కంఠతా వచ్చేసింది. మొదట్లో ఆ చేప మూరెడుండేది. ఏళ్లు గడిచేకొద్దీ, నేను ఎప్పటికప్పుడు మేపుతూ రావడం వల్ల, బారెడైంది. కిందటేడు ఒక ఆదివారం మండవల్లిలో మా బావమరిది ఇంట్లో అన్నం తింటూ దానికి మీసాలు కూడా పెట్టాను.

మా బావమరిది చేపల చెరువులు చేసే మనిషి. చేపల గురించి అబద్ధం వింటే అతనికి ముద్ద దిగదు.

“బావగారూ, కొర్రమేనుకి మీసాలుండవండీ.”

“మీ చెరువులో వాటికి ఉండవోయ్. అవి బస్తాల్లో మేత తినే చేపలు. ఇది కొల్లేటి చేప.”

అతను కంచం పక్కకు జరిపాడు. “ఇక లాభం లేదు. పందెం వేసుకుందామండీ. తాడేపల్లిగూడెంలో విమానాలు దిగని పాత రన్‌వే మీద డ్రాగ్ రేసు. మీరు ఓడితే ఏడాదిపాటు నిజం తప్ప ఇంకోటి మాట్లాడకూడదు.”

నాకు పొలమారింది. ఏడాది! వారం రోజులు నిజం చెబితే మా వీధిలో నాతో మాట్లాడేవాళ్లే ఉండరు. అయినా బింకంగా అన్నాను: “నువ్వు ఓడితే?”

“మీరేదంటే అది.”

“పదిమందిలో నిలబడి, ‘ఆ రోజు నేనూ ఆ పడవలో ఉన్నాను, కళ్లారా చూశాను’ అని చెప్పాలి.”

డ్రాగ్ రేసంటే మరేం లేదు. రెండు కార్లు పక్కపక్కన నిలబడి, సైగ చెయ్యగానే తిన్నగా పావు మైలు పరిగెత్తడం. అతను అప్పటికే తన కారుకి, ఇంజనులోకి గాలి ఎక్కించి జోరు పెంచే టర్బో కట్టించుకుని ఉన్నాడు. నాది ఏలూరు నుంచి మా ఆవిడ రోజూ పెదపాడు బడికి పాఠాలు చెప్పడానికి తీసుకెళ్లే పాత తెల్ల కారు. అందుకని మజ్జిగ వడ్డిస్తూనే ఆవిడ తీర్పు చెప్పింది.

“అది నేను బడికెళ్లే కారు. లారీ మీద ఎక్కించి తీసుకెళ్లడాలు కుదరవు. రెండు కార్లూ రోడ్డు మీద వెళ్లాలి, పరిగెత్తాలి, మళ్లీ సొంత ఇంజనుతోనే మధ్యాహ్నం భోజనానికి ఈ గుమ్మంలోకి రావాలి. రాని కారు ఓడినట్టే. ఇంకోటండీ, మీరు ఏ ఇంజను చేయించినా పొద్దున్న ఒక్క తాళానికే స్టార్టవ్వాలి. ఏసీ ఉండాలి. గేటు దగ్గర పిల్లలు జడుసుకోకూడదు.”

నెల రోజులు నాకు ఇంజన్ల కలలే. టర్బో పెడితే బావమరిదిని కాపీ కొట్టినట్టవుతుంది. నా మనసంతా క్యామ్ షాఫ్ట్ మార్చి, నిమిషానికి తొమ్మిది వేల చుట్లు తిరిగే ఇంజను మీద ఉంది. పైకెళ్లేకొద్దీ కేక పెడుతుంది. కానీ ఊరికే నిలబడినప్పుడు జ్వరం వచ్చినట్టు వణుకుతుంది. మా ఆవిడ క్యారేజీలో పప్పూ చారూ బడికి చేరేలోపు ఒకటైపోతాయి. బోరు పెంచి పెద్ద పిస్టన్లు వేయిస్తే వణుకుండదు గానీ, ఆ కేక కూడా ఉండదు. తేల్చుకోలేక ఏలూరు కాలవగట్టు మీద షెడ్డున్న పెద్దాయన దగ్గరికి వెళ్లాను. చేపల చెరువుల ఆయిలింజన్ల నుంచి లారీల దాకా ఆయన విప్పని ఇంజను లేదు.

ఆ టైములో షెడ్డులో ఒక ఆయిలింజను డుగుడుగుమంటోంది. పెద్దాయన దగ్గర ఇంగ్లీషు ముక్కలెందుకని, డ్రాగ్ రేసును నేనే అచ్చ తెలుగులోకి దించాను.

“లాగుడు పందేనికండీ! మంచి ఇంజను కావాలి.”

“లాగుడు పందెమా? కార్లకి కూడా పెడుతున్నారేంటండీ?” ఆయన కళ్లజోడు తీసి నన్ను కొత్తగా చూశాడు. “బండెంత బరువండీ?”

“ఎనిమిది వందల కిలోలుండొచ్చండీ.”

“ఎన్నడుగులు లాగాలండీ?”

“పదమూడు వందల ఇరవై.”

“ఓరి నాయనో! మధ్యలో ఆగకుండానే?”

“ఆగితే ఇంకేం పందెమండీ?”

“అంత దూరం ఎడ్లు కూడా లాగలేవండీ.”

“ఎడ్లేంటండీ, గుర్రాలు కూడా లాగలేవు,” అన్నాను, హార్స్‌పవర్ లెక్కలు నాకూ తెలుసని చూపించడానికి. క్యామ్ షాఫ్టు సంగతి కదిపితే ఆయన చెయ్యి అడ్డం ఊపాడు.

“మీకు పైన తిరుగుడెందుకండీ? మొదటి అడుగే కష్టం. కింద బలం ఉండాలి. బోరు పెంచుదాం, స్ట్రోకు పెంచుదాం, గేర్లు పొట్టివి వేద్దాం. నాకొదిలెయ్యండి.”

మొదటి అడుగే కష్టం! ఎంత మాట! ఆయనకు దండం పెట్టి వచ్చేశాను.

పందేనికి ముందురోజు కారు తెచ్చుకోవడానికి వెళ్తే, వెనక బంపరు కింద నా మణికట్టంత లావు ఇనప కొక్కెం వేలాడుతోంది.

“ఇదేంటండీ?”

“బండకి గొలుసు తగిలించుకోవద్దా అండీ?”

“ఏ బండ?”

“మీరే చెప్పారు కదండీ, ఎనిమిది వందల కిలోలని.”

అప్పుడు వెలిగింది. మన వైపు లాగుడు పందెమంటే ఎడ్లు బండరాయిని ఈడ్చే పందెం. ఆయనడిగింది బండ ఎంత బరువని. నేను చెప్పింది బండి ఎంత బరువని. కలిపి పలికితే రెండూ బండెంతే! పాపం ఆయన, బండరాయిని పావు మైలు ఈడ్చే ఇంజను నాకు కట్టిపెట్టాడు.

మా ఆవిడ మాత్రం తాళం తిప్పి మురిసిపోయింది. ఒక్క తాళానికే లేచింది. కుట్టుమిషనంత మెత్తగా ఉంది. “ఇన్నాళ్లకి మంచి పని చేశారండీ,” అంది.

మర్నాడు పొద్దున్న తాడేపల్లిగూడెం రన్‌వే మీద, వాకింగు వాళ్లంతా వెళ్లిపోయాక, మా ఆవిడ గొడుగు ఎత్తి దించింది. నా కారు తేలు కుట్టిన గేదెలా ఒక్క దూకు దూకింది. రెండొందల అడుగుల దాకా బావమరిది నా అద్దంలో ఉన్నాడు. తర్వాత పక్కన అతని టర్బో ఈల వినిపించింది. అంతే. నా పొట్టి గేర్లన్నీ అయిపోయి ఇంజను అరవడం తప్ప కదలడం మానేసింది. నేను అవతలి గీత చేరేసరికి అతను కారు దిగి, ఫ్లాస్కులో టీ తాగి, కప్పు కడుక్కుంటున్నాడు.

“రేపట్నుంచి నిజాలేనా బావగారూ?”

తిరుగు దారిలో మా ఆవిడ నా వైపు తిరిగింది. “ఈ చీర నాకెలా ఉందండీ?”

నాకు చెమటలు పట్టాయి. “నిజం చెప్పాలా?”

“ఇంటికి చేరేదాకా ఆగుదాం లెండి,” అని తనే భయపడింది.

ఏలూరు దాటి కొల్లేటి రోడ్డెక్కాక, ముందు వెళ్తున్న బావమరిది కారు నుంచి తెల్లటి ఆవిరి లేచింది. బానెట్ ఎత్తి చూస్తే నీళ్ల గొట్టం నిలువునా చీలి ఉంది. రోడ్డుకి రెండు వైపులా కనుచూపు మేర నీళ్లే, అతని రేడియేటరులో మాత్రం చుక్క లేదు. నీళ్లలో గూడబాతులు బారులు తీరి, సంచుల్లాంటి గొంతులు ఊపుకుంటూ చూస్తున్నాయి.

“అక్కా, సొంత ఇంజనుతోనే రావాలన్న రూలు...” అతను గొణిగాడు.

“రూలంటే రూలేరా.”

నేను గట్టున పడవ కడుతున్న ఆయన్ని వల తాడు అడిగి తెచ్చి, ఒక కొస అతని కారుకి కట్టి, రెండో కొస నా కొక్కేనికి తగిలించాను. క్లచ్ వదిలాను. మొదటి అడుగే కష్టమన్నారు, అదీ కష్టం కాలేదు. పెద్దాయన కట్టిన ఇంజను బండ కోసం పుట్టింది, దానికి బండ దొరికింది. స్టీరింగు పట్టుకుని బుద్ధిగా కూర్చున్న బావమరిదితో సహా ఆ కారుని కొల్లేరు దాటించి, కైకలూరు మీదుగా, ఏసీ కూడా ఆపకుండా మండవల్లి లాక్కొచ్చింది.

గుమ్మంలో చుట్టాలంతా నిలబడి చూశారు. నేను గెలిచాను!

భోజనాల దగ్గర బావమరిది లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. “ఆ రోజు ఆ పడవలో నేనూ ఉన్నానండీ. కళ్లారా చూశాను.”

అందరూ గొల్లుమన్నారు. నేను మీసం దువ్వుకుంటున్నాను.

“కానీ బావగారు తగ్గించి చెబుతున్నారండీ. ఆ చేప కైకలూరులో ఆగలేదు. ఇదిగో, మండవల్లిలో ఈ గుమ్మం దాకా తెచ్చి దింపి, వెనక్కి తిరిగి వెళ్లింది.”

“మరి మీసాలో?” అంది మా ఆవిడ.

“మెలేసుంది అక్కా,” అన్నాడు, ముద్ద కలుపుకుంటూ.