సింహాద్రిని ఎందుకు కొట్టలేదంటే

ఈ రోజు బడిలో జరిగింది నాకింకా మింగుడు పడలేదు.

మధ్యాహ్నం భోజనాల ముందు రెండో తరగతికి లెక్కలు చెబుతుంటే, సింహాద్రి తల్లి అప్పలమ్మ ఊడుపుల బురద కాళ్ళతోనే గుమ్మంలోకి వచ్చింది. సింహాద్రికి ఒక కాలు చచ్చుబడింది. కర్ర ఊతంతో బడికొస్తాడు. వాడిమీద నేనేనాడూ బెత్తం ఎత్తలేదు. అందుకు దణ్ణం పెట్టడానికి వచ్చిందేమో అనుకున్నాను.

“అందరి పిల్లల్నీ కొడతారు. మావోడినెందుకు కొట్టరు మాష్టారూ?” అంది.

“వాడి కాలు చూస్తే చేతులు రావమ్మా.”

“నెక్కలు కాలితో సేత్తాడేటి? తప్పు సేసినోళ్ళనే కదా మీరు కొడతారు. ఆడినెప్పుడూ కొట్టనేదంటే, ఆడి పలక మీరెప్పుడూ సూడనేదన్నమాట!”

సింహాద్రిని పిలిచి పలక చూశాను. కూడిక తప్పు. తల్లి గుమ్మంలోంచి కదల్లేదు. వాడేమో ఇన్నాళ్ళకు తన వంతు వచ్చిందని నవ్వుతూ అరచెయ్యి చాపాడు.

అంతలో గంట మోగబట్టి బతికిపోయాను. రేపూ లెక్కలున్నాయి, వాడు మళ్ళీ చెయ్యి చాపుతాడు. మీరైతే ఏం చేస్తారు?