తుఫానుకు నేను పెట్టిన ముహూర్తం

తుఫాను దానంతట అదే వస్తుందని మీరు అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. కానీ ఒక తుఫానుకు వారం చూసి, వర్జ్యం చూసి, అది ఒడ్డెక్కే వేళకు సరిగ్గా చెల్లెలిని వెంటబెట్టుకుని ఎదురువెళ్లిన మనిషి మీకు ఎక్కడైనా కనిపిస్తే, ఆవిడ ఊరు జగిత్యాల అయి ఉంటుంది. ప్రస్తుతం ఈ కాగితం ముందు పెన్ను పట్టుకుని కూర్చుని ఉంటుంది.

ఇది రెండేళ్ల కిందటి మాట. అప్పటికి నాకు అరవై ఆరు. చిన్నతనం, ఏం తెలుస్తుంది.

ముందు నా ఘనత కాస్త చెప్పుకోవాలి. లేకపోతే ఎంత ఎత్తు నుంచి పడ్డానో మీకు తెలియదు. ఆడపిల్లల బడిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను. మా చుట్టాలలో పెళ్లిచూపులు మొదలుకుని బోరు వేయించడం దాకా తేదీ నా నోటి నుంచే రావాలి. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే మా తమ్ముడు సత్యం కొత్త మోటారు కొన్నా ముందు నాకు ఫోను చేస్తాడు. చేసి, నేను చెప్పింది విని, "అక్కా, నువ్వు పంచాంగం జూస్తవా, పంచాంగమే నిన్ను జూస్తదా?" అని నవ్వుతాడు. ఆ నవ్వును నేను పొగడ్తగా లెక్క వేసుకునేదాన్ని. ఇప్పుడు ఆ లెక్క కూడా సరిచూసుకోవాలి.

మా చెల్లెలు రాజమణిది కోరుట్ల. బీడీలు చుట్టి కూతురిని నర్సు చదివించింది. ఆ పిల్ల సంధ్య మొదట గల్ఫ్‌కు పోయింది, అక్కడి నుంచి కరీబియన్ సముద్రంలో ఒక దీవిలోని ఆసుపత్రికి మారింది. దీవి పేరు రాయను. వాళ్లకు నా వల్ల ఇప్పటికే చాలా జరిగింది. నాలుగేళ్లుగా తల్లీబిడ్డలు ఒకరినొకరు ఫోనులోనే చూసుకుంటున్నారు. రాజమణి జన్మలో సముద్రం చూడలేదు. ఆమె చూసిన పెద్ద నీళ్లంటే ధర్మపురిలో వరద గోదావరి. సంధ్య ప్రతి ఫోనులోనూ ఒకటే మాట: "అమ్మా, నువ్వొక్కసారి రా. నీ చెయ్యి పట్టుకొని సముద్రంల నిలవెడ్త." రాజమణికి కావలసింది అంతే. బిడ్డ చెయ్యి, మడమల దాకా నీళ్లు. తోడు రమ్మని నన్ను అడిగింది. నేను తోడు పోయి ఊరుకుంటే బాగుండేది. తేదీ పెట్టే పని కూడా నెత్తిన వేసుకున్నాను.

సంధ్య పాపం మొదటే చెప్పింది, జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఎప్పుడైనా రమ్మని. అప్పుడు ఆకాశం తేటగా ఉంటుందట, సముద్రం నిమ్మళంగా ఉంటుందట, తనకు సెలవూ దొరుకుతుందట. నేను ఒక్కొక్క నెలనే పట్టుకుని కొట్టివేశాను. జనవరిలో పుష్యమాసం, దూర ప్రయాణానికి కాదు. ఫిబ్రవరిలో మా వాళ్ల పెళ్లిళ్లు. మార్చిలో శివరాత్రి జాగారం. ఏప్రిల్ ఎండలకు ఇల్లు కదలకూడదు. మే నెలలో మామిడికాయ తొక్కు. జూన్, జూలై నాట్ల కాలం. నాకు గుంట పొలం లేదు, అయినా నాట్ల కాలం నాట్ల కాలమే. శ్రావణంలో నోములు. గణపతి నిమజ్జనం అయ్యాక, పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాసకూ, ఆ సాయంత్రమే మొదలయ్యే బతుకమ్మకూ ముందు, మధ్యలో ఒక ఖాళీ దొరికింది. అది సెప్టెంబరు. పెద్దల దినాలలో ప్రయాణమేమిటని సత్యం గొణిగాడు. కన్నబిడ్డను చూడబోవడం కొత్త పని కాదు, దోషం లేదని తీర్పు ఇచ్చాను.

సంగతి సంధ్యకు ఫోనులో చెప్పాను. వెంటనే అంది: "పెద్దమ్మా, గప్పుడు వద్దు. గాలి తుఫాన్లు వచ్చేది గప్పుడే. మాకు లీవులు గూడ ఇయ్యరు."

"వానలు అక్కడ ఏ నెలల షురువైతయే?"

"జూన్ల."

ఇక్కడ దయచేసి ఒక్క క్షణం ఆగి నా తెలివిని చూడండి. జూన్ అంటే మిరుగు. మృగశిర కార్తె. మనకూ వానలు మిరుగుకే మొదలు. మొదలు ఒకటే అయినప్పుడు కొస కూడా ఒకటే కావాలి కదా. ఆరుద్ర, పునర్వసు, పుష్యమి, ఆశ్లేష, మఖ, పుబ్బ గడిచిపోయి ఉత్తర కార్తె వచ్చేసరికి జగిత్యాలలో వాన అలసిపోయి ఉంటుంది. అక్కడి వాన మాత్రం అలసిపోదా? ముప్పై ఏళ్లు పిల్లలకు సమీకరణాలు చెప్పిన తలకాయ ఇది.

"మనకున్నట్టే ఉన్నదే. ఉత్తరకు వాన తగ్గుతది" అన్నాను.

"తగ్గదు పెద్దమ్మా. సముద్రమంటే ఎసరు. జూన్ల పొయ్యి మీద పెట్టినట్టు, ఎండకాలమంత కాగి కాగి సెప్టెంబర్ల మసులుతది. మనూరి కార్తెలు గీడ నడువయి."

"కార్తెలు సూర్యునితోని నడుస్తయి. మీకు వేరే సూర్యుడున్నడా?"

పిల్ల పెద్దరికానికి భయపడి ఊరుకుంది. నేను గెలిచాను. ఆ రోజు నాకు మంచి నిద్ర పట్టింది.

విమానాలలో అడిగిన సీటు అడిగినట్టు దొరికింది. రెండో విమానంలోనైతే మా వరుసంతా ఖాళీ, రాజమణి కాళ్లు చాపి పడుకుంది. "చూసినవా, జనం లేని రోజు ఎట్ల పట్టిన్నో" అన్నాను. జనం ఎందుకు లేరని అడగడానికి పక్కన జనం లేరు. సంధ్య గదిలో ముగ్గురం పట్టం కనుక, సముద్రం ఎదుటి హోటలులో పై అంతస్తు గది కావాలంటే వెంటనే ఇచ్చారు. బల్ల దగ్గరి అమ్మాయి మా ఇద్దరినీ, మా పచ్చడి డబ్బాలనూ చూసి, ఈ వారమే వచ్చారా అని రెండుసార్లు అడిగింది. అవును, ఈ వారమే, లెక్క చూసుకుని వచ్చామని గర్వంగా చెప్పాను.

సంధ్య విమానాశ్రయానికి నర్సు బట్టలలోనే వచ్చింది. తల్లిని పట్టుకుని ఏడ్చి, హోటలులో దించి, వెంటనే డ్యూటీకి పోవాలంది. దూరాన ఒక తుఫాను ఉందట, ఉత్తరానికి మళ్లుతుందని అంటున్నారట, ఫోను దగ్గర పెట్టుకొమ్మంది. వాళ్లు తుఫానులకు మనుషుల పేర్లు పెడతారు. దీని పేరు మా ఆడబిడ్డ పేరుకు చాలా దగ్గరగా ఉంది. అప్పుడే నాకు అర్థం కావలసింది.

మధ్యాహ్నం ఒడ్డుకు పోయాం. సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉంది. గాలి ఆడటం లేదు. అలలు దూరం దూరంగా, తొందర లేనట్టు వస్తున్నాయి. అలా వస్తే వెనకాల పెద్దది ఉందని గుర్తట. నేను మాత్రం "ఎంత నిమ్మళంగ ఉన్నదో చూడు, ఉత్తర కార్తె అంటే ఇదీ" అన్నాను. ఇసుకలో జంటగా ఎర్రజెండాలు పాతి ఉన్నాయి. సిరిసిల్ల బజార్లలో ఎర్రజెండాలు చూసిన కళ్లు కదా, ఇక్కడా కార్మికుల సభ ఉన్నట్టుందని చెల్లెలికి వివరించాను. నీళ్లలో దిగకూడదని దాని అర్థమని తర్వాత తెలిసింది.

రాజమణి చెప్పులు విడిచి నిలబడింది. "ఒక్కసారి కాలు పెడ్త అక్కా."

"ఇయ్యాల మంగళవారం. రేపు సంధ్య వచ్చినంక దిగుదువు. సముద్రం యాడికన్న పోతదా?"

సముద్రం ఎక్కడికీ పోలేదు. అదే మా దగ్గరికి వచ్చింది. ఆ సంగతి తర్వాత.

హోటలుకు తిరిగి వస్తే తోటమాలి కొబ్బరిచెట్లెక్కి కాయలన్నీ దించుతున్నాడు. అతిథులంటే ఎంత మర్యాదో అనుకుని ఒక కాయ కొట్టి ఇమ్మన్నాను. అతను నన్ను వింతగా చూసి కొట్టి ఇచ్చాడు. కాయలు చెట్టు మీద ఉంటే గాలికి గుండ్లలా ఎగురుతాయని దించుతున్నారట. ఇంకొకరు కిటికీలకు చెక్కలు కొడుతున్నారు. మరమ్మతు అన్నాను. ఇంతలో రాజమణి నా కొంగు లాగింది.

"అక్కా, కుర్చీలను కొలన్ల ఎందుకు ఎత్తేస్తున్నరు?"

నిజమే. ఈత కొలనులోకి కుర్చీలు, బల్లలు ఒక్కొక్కటే ముంచుతున్నారు. గాలికి కొట్టుకుపోకుండా నీళ్లలో దాస్తారట. ప్రపంచంలో నాకు తెలియని విషయం ఒకటి ఉందని ఒప్పుకోవడానికి అది చాలా మంచి సమయం. నేను ఏమన్నానో తెలుసా?

"కడుగుతున్నరే. నానబెడితే మురికి తొందరగా పోతది."

రాజమణి నమ్మింది. చిన్నప్పటి నుంచి నమ్ముతూనే ఉంది, అదే నా బాధ.

చీకటి పడకముందే సంధ్య ఆసుపత్రి వ్యానులో వచ్చింది. "పెద్దమ్మా, సామాను సదురు. అది మళ్లలే. సక్కగ గిటే వస్తున్నది." ఆ గొంతులో మర్యాద ఉంది, పెద్దరికం మీద భయం మాత్రం మిగలలేదు. ఆసుపత్రిలో పనిచేసే వాళ్ల ఇంటివాళ్లను లోపలి హాలులో ఉంచుతారట. పచ్చడి డబ్బాలు చంకలో పెట్టుకుని వెళ్లాం.

ఆ గాలి చప్పుడు ఎలా చెప్పను. సిరిసిల్ల మరమగ్గాలన్నీ ఒకే షెడ్డులో పెట్టి ఒకేసారి నడిపితే, ఆ షెడ్డు మన చెవిలో ఉంటే, అలా ఉంటుంది. కరెంటు పోయింది. తలుపు కింద నుంచి నీళ్లు వచ్చాయి. రుచి చూస్తే ఉప్పు. నాకు తెలిసిన దండకాలన్నీ అయిపోయి, ఎక్కాలు చదవడం మొదలుపెట్టాను. పక్కన ఒక నల్లజాతి పెద్దావిడ తన భాషలో ఏదో పాడుకుంటోంది. పదమూడో ఎక్కం ఆవిడ పాటతో బాగానే కలిసింది.

రాజమణి మాత్రం తలుపు వైపే చూస్తూ కూర్చుంది. అవతలి వార్డులో సంధ్య రోగులను కిటికీల దగ్గర నుంచి లోపలికి జరుపుతోంది. మంచాలు తోస్తోంది, సెలైను సీసా పట్టుకుని పరుగెత్తుతోంది, ఒక ముసలాయన్ని చంటిపిల్లాడిలా ఎత్తుకుని పోయింది. అటు పోయినప్పుడల్లా తల్లి తల మీద చెయ్యి వేసి పోయేది, బండిలో సామాను ఉందో లేదో చూసుకున్నట్టు.

గాలి కాస్త తగ్గాక నాకు ఏడుపు వచ్చింది. "రాజమణీ, నాదే తప్పు. నీకు బిడ్డ దొరకలే, సముద్రం దొరకలే."

ఆమె నా వైపు తిరిగింది. "నాలుగేండ్లు ఫోన్ల మొఖం ఒక్కటే చూసిన అక్కా. గిప్పుడు మనిషిని చూస్తున్న. నా బిడ్డ ఏం పని చేస్తదో నాకు ఇయ్యాల తెలిసింది." కొంగుతో నా మొహం తుడిచి అంది: "ఇగ నాదే తప్పని నీ నోటితోని అన్నవు సూడు, గది ఇప్పటిదాక విన్లే. తుఫాను మంచిదే."

ఏడుపు అక్కడే ఎండిపోయింది.

తెల్లారి చూస్తే దీవి మీద ఒక్క పచ్చటి ఆకు లేదు. హోటలు ముందు ఇసుక లేదు, ఎర్రజెండాలు లేవు, మెట్లు లేవు. నీళ్లు బురదగా, విరిగిన చెక్కలతో నిండి ఉన్నాయి. దగ్గరికి ఎవరినీ పోనివ్వలేదు. విమానాశ్రయం మూసేశారు. దేనికోసమైతే ఎనిమిది నెలలను కొట్టివేసి ఆ ఒక్క సందు పట్టానో, ఆ పెత్రమాస, మొదటి బతుకమ్మ రెండూ మేము అక్కడ ఉండగానే దాటిపోయాయి. బతుకమ్మకు పువ్వులు వెతికాను. గాలి ఒక్కటీ మిగల్చలేదు. సెల్‌ఫోన్లు పనిచేయగానే మొదట మోగింది సత్యం ఫోను, పోయిన మా నాన్న సంగతి చెప్పడానికి.

"అక్కా, బాపుకు బియ్యం నేనే ఇచ్చిన. బాపు పరేషాన్ అయినట్టున్నడు. లెక్కల టీచరు తేదీ ఎట్ల మరిచిందని."

ఇంటికి చేరాక జగిత్యాలలో కనిపించిన ప్రతివారూ సముద్రం ఎట్లున్నదని అడిగారు. ఉప్పగా ఉందని చెప్పాను. తలుపు కింద నుంచి వచ్చింది కదా, అబద్ధం కాదు.

ఇప్పుడు వచ్చే జనవరికి రాజమణి మళ్లీ బయలుదేరుతోంది, నన్నూ రమ్మంది. సంధ్యకు సెలవు దొరికింది. టికెట్లు తల్లీబిడ్డలే మాట్లాడుకుని తీసుకున్నారు. "అక్కా, నువ్వు రా. ముహూర్తం మాత్రం చెప్పకు" అంది చెల్లెలు. జనవరి అంటే పుష్యమాసం కదా అని సత్యం కావాలని నా ముందు అన్నాడు. నేను మజ్జిగ తాగాను.

కాబట్టి మిరుగు మొదలు స్వాతి దాకా సమస్త కార్తెల సాక్షిగా, సిరిసిల్ల తమ్ముడు, కోరుట్ల చెల్లెలు వింటుండగా, లెక్కల టీచరునైన నేను ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట జగిత్యాలలో కూర్చుని ఏ సముద్రానికీ తేదీ పెట్టను. ఆ ఒడ్డున బతికేవాళ్లు చెప్పిందే నాకు పంచాంగం.

మా విమానం శుక్రవారం. దీవి పడమర. శుక్రవారం పడమరకు వారశూల, అటు ప్రయాణం కూడదు. తెలుసు. నోరు మూసుకుని పెట్టె సర్దుకుంటున్నాను.