ఒక్కరోజు కలిసి కూర్చున్న బడి

నా చిన్నప్పటి బడి గురించిన కథ ఒకటి కెనడాలోని బ్రాంప్టన్‌లో నన్ను ఎరిగిన తెలుగువాళ్లందరికీ తెలుసు. ఇరవై ఏళ్లుగా నేనే చెబుతున్నాను. మా ఊళ్లో ఊరి పిల్లలమూ, కాలవ అవతలి దళిత పేట పిల్లలూ ఒకే గదిలో పక్కపక్కన కూర్చుని చదువుకున్నామని, పేట నుంచి వచ్చే ఒక అమ్మాయీ నేనూ ఒకే లెక్కల పుస్తకం చూసుకునేవాళ్లమని ఆ కథ. పుట్టినరోజు పార్టీల్లో చెప్పాను. ఆఫీసులో తెల్లవాళ్లకు చెప్పాను. మా అమ్మాయికి అన్నం తినిపిస్తూ చెప్పాను. అందులో నేను చెప్పకుండా వదిలేసింది ఒక్కటే. మేమలా కూర్చున్నది ఒక్కరోజు. అది కూడా, కోర్టు పంపిన మనిషి చూడటానికి వచ్చాడు కాబట్టి.

మాది వరి పండే ఊరు. ఊరికి ఒక పెంకుల బడి, పేటకు ఒక తాటాకుల బడి ఉండేవి. తాటాకుల బడికి మాస్టారు వచ్చిన రోజుకంటే రాని రోజులే ఎక్కువ. ఆ అమ్మాయి వాళ్ల నాన్న పేటలోని చర్చిలో ఆదివారాలు పిల్లలకు బైబిలు చదవడం నేర్పేవాడు. ఆయన చాలా ఆఫీసులకు అర్జీలు పెట్టుకున్నాడు. ఎవరూ పట్టించుకోకపోతే టౌనులో ఒక లాయరును పట్టుకుని కోర్టుకు వెళ్లాడు. కేసు కొన్నేళ్లు నడిచింది. ఊరంతటికీ ఒకే బడి ఉండాలని, పిల్లలందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టాలని చివరికి కోర్టు ఆదేశించింది.

మా హెడ్మాస్టారు ఆ ఆదేశాన్ని పాటించారు. తాటాకుల బడి మూసేసి పేట పిల్లల పేర్లన్నీ మా రిజిస్టరులో రాసుకున్నారు. పిల్లల్ని మాత్రం వరండాలో కూర్చోబెట్టారు. గదిలో చోటు చాలదన్నారు. చోటు ఉంది. మేం కాళ్లు బారజాపుకుని కూర్చునేవాళ్లం.

వరండాలోంచి చూస్తే గుమ్మం మేర బోర్డు ముక్క మాత్రమే కనబడేది. ఆ అమ్మాయి చెవులతోనే చదువుకుంది. మాస్టారు లోపల లెక్క చదువుతుంటే బయట పలక మీద గీసుకునేది. మేం ఇంకా వేళ్లు మడుస్తుండగానే వరండాలోంచి జవాబు వినిపించేది. మాస్టారు విననట్టు ఉండేవారు. కాసేపాగి అదే జవాబు మాలో ఎవరైనా చెబితే "శభాష్" అనేవారు. ఆ శభాష్‌లు చాలావరకు నావే. నేను క్లాసులో ఫస్టు. ఆ జవాబులు ఎక్కడినుంచి వచ్చేవో నాకూ తెలుసు, మాస్టారికీ తెలుసు.

మేం అయిదో తరగతిలో ఉండగా ఆమె తండ్రి మళ్లీ కోర్టుకు వెళ్లాడు. పిల్లలు ఇంకా వరండాలోనే ఉన్నారని చెప్పుకున్నాడు. స్వయంగా చూసి రిపోర్టు రాయమని కోర్టు ఒక లాయరును నియమించింది. ఆయన ఏ రోజు వస్తాడో మాస్టారికి ముందే తెలిసింది.

మా హెడ్మాస్టారు చెడ్డవారు కాదు. ఎవరికైనా జ్వరం వస్తే సైకిలు మీద ఇంటిదాకా దిగబెట్టేవారు. నాకు మొదటి కలం కొనిచ్చింది ఆయనే. అందుకే ఆయన ఏం చెప్పినా సరైనదే అనుకున్నాను.

లాయరు రావడానికి ముందు మూడు సాయంత్రాలు, పేట పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయాక, ఆయన మమ్మల్ని ఆపి సాధన చేయించారు. గది నేల మీద సుద్దముక్కతో గళ్లు గీశారు. ఒక గడి వదిలి ఒక గడిలో మేం కూర్చోవాలి. ఖాళీ గళ్లు పేట పిల్లలవి. ఎవరి పక్కన ఎవరి గడి ఉంటుందో పేర్లతో సహా నేర్పించారు. కరణంగారి మనవడు సరదాకు ఒక ఖాళీ గడిలోకి దూకాడు.

"ఒరేయ్, గడి తొక్కాడురోయ్. ఇంటికెళ్లి తలస్నానం చెయ్‌రా" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

అందరం నవ్వాం. మాస్టారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి భుజం మీద చెయ్యేశారు.

"ఆయన ఫస్టు వచ్చేవాణ్ణే అడుగుతాడు, చూసుకో. రోజూ ఇలాగే కూర్చుంటారా అంటాడు. రోజూ సార్ అను. అంతే. మన ఊరి పరువురా అది."

ఆ రోజు రానే వచ్చింది. నేల మీది గళ్లను మాస్టారు ముందే చెరిపేశారు. ఆ అమ్మాయి నా పక్కన కూర్చుంది. ఉతికి ఆరేసిన గౌను, నూనె రాసి దువ్విన తల. నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. బోర్డునే చూస్తోంది. మాస్టారు దాని మీద పెద్ద భాగహారం ఒకటి వేసి ఉంచారు. ఆమె దాన్ని ఒక అంచునుంచి మరో అంచుదాకా, కిందనుంచి మళ్లీ పైదాకా చూసింది. అంకెలు ఒకదాని కింద ఒకటి దిగడం చూడటం ఆమెకు అదే మొదటిసారి అయివుంటుందని చాలా ఏళ్ల తర్వాత నాకు తట్టింది.

లాయరు వయసులో చిన్నవాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది. మాస్టారు చెప్పినట్టే నన్నే లేపాడు.

"ఈ అమ్మాయి నీ పక్కనే కూర్చుంటుందా బాబూ?"

"రోజూ సార్" అన్నాను.

నాకు నేర్పింది అంతవరకే. ఆయన ముఖంలో ఇంకా ఏదో అనుమానం ఉంది. అందుకని నేనే కలిపాను. "తనకు పుస్తకం లేదు సార్. ఇద్దరం నా లెక్కల పుస్తకమే చూసుకుంటాం."

ఆయన ముఖం ఒక్కసారి మెత్తబడింది. తలవంచి ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు. ఆమె అప్పుడు మాత్రం నావైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. నా ఒళ్లో ఉన్న పుస్తకాన్ని చూసింది, అంతే. తర్వాత ఆయన ఆమెను వరండా స్తంభం దగ్గరికి పిలిచి ఏదో అడిగాడు. ఆ మాటలు నాకు వినిపించలేదు.

మర్నాడు పొద్దున బడికి వచ్చేసరికి గది కడిగి ఉంది. పేట పిల్లలు వరండాలో ఉన్నారు. మాస్టారు నాకు కొత్త నోటుపుస్తకం ఇచ్చారు. ఒట్టి అబద్ధం కంటే, చిన్న వివరం ఒకటి కలిపిన అబద్ధాన్ని పెద్దవాళ్లు తొందరగా నమ్ముతారని నేను ఆ రోజు నేర్చుకున్నాను. బడిలో నేర్చుకున్నవాటిలో నాకు ఎక్కువకాలం పనికొచ్చిన పాఠం అదే.

కోర్టు ఆదేశం అమలవుతోందని రిపోర్టు వెళ్లింది. కేసు మూసేశారు. ఒక మధ్యాహ్నం ఆమె తండ్రి గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వరండాలో కూర్చున్న పిల్లల్ని చాలాసేపు చూశాడు. ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. హైస్కూలు వేరే ఊళ్లో ఉండేది. అందులో చేరాలంటే రాతపరీక్ష. నోటితో ఎంత లెక్కనైనా చెప్పగల ఆ అమ్మాయి కాగితం మీద రాసి చూపించలేకపోయింది. చదువు అక్కడితో ఆగింది. నేను హైస్కూలుకు, కాలేజీకి, ఆ తర్వాత కెనడాకు వచ్చేశాను.

కిందటి వసంతంలో, ఇక్కడి బడులన్నిటినీ నడిపే స్కూలు బోర్డు ఒక సభ పెట్టింది. బడుల్లో వివక్ష చూపకూడని విషయాల జాబితాలో కులాన్ని కూడా చేర్చాలా వద్దా అని తల్లిదండ్రుల్ని అడిగే సభ. చేర్చకూడదనేవాళ్లు సభకు ముందటి ఆదివారం ఒకరి ఇంటి బేస్‌మెంట్‌లో కలుసుకున్నారు. నన్నూ పిలిచారు. అందరూ అంకుల్ అని పిలిచే పెద్దాయన కుర్చీలు సర్దిస్తూ ఎవరి తర్వాత ఎవరు మాట్లాడాలో చెబుతున్నారు.

"మనవాళ్లంతా ఒకే చోట గుంపుగా కూర్చోవద్దు. మిక్స్‌డ్‌గా కనబడాలి" అన్నారు. తర్వాత నావైపు తిరిగారు. "బ్రదర్, మీరు ఆ పుస్తకం స్టోరీ చెప్పండి. టూ మినిట్స్ చాలు. కులం తేడా మా ఊళ్లోనే లేదు, ఇక్కడికెలా వస్తుంది అని ఫినిష్ చెయ్యండి. హాలంతా కనెక్ట్ అయిపోతుంది."

ఆయన ఖాళీ కుర్చీల వీపుల మీద పేర్లు రాసిన కాగితాలు అంటిస్తున్నారు.

"అది నిజం కాదండీ" అన్నాను. "ఒక్కరోజే కూర్చున్నాం. కోర్టువాళ్లకు చూపించడానికి."

పెద్దాయన టేపు కొరికి తెంపుతూ నవ్వారు. "ఒక్కరోజైనా కూర్చున్నారుగా బ్రదర్. అబద్ధమేముంది అందులో?"

సభకు నేను వెళ్లలేదు. వెళ్లి, అందరి ముందూ నిజం చెప్పి ఉండాల్సింది. ఒంట్లో బాగోలేదని మెసేజ్ పెట్టి ఇంట్లో కూర్చున్నాను. ఇది కూడా ఇక్కడ రాయాలి కాబట్టి రాస్తున్నాను.

మా అమ్మాయికి పదహారేళ్లు. సభకు ఎందుకు వెళ్లలేదని వంటగదిలో అడిగింది. మొత్తం చెప్పాను. సుద్దగళ్ల సంగతి వచ్చేసరికి తను తినడం ఆపేసింది.

"బట్ డాడ్, యూ టోల్డ్ మీ దట్ స్టోరీ లైక్ ఎ హండ్రెడ్ టైమ్స్" అంది. కంచం పక్కకు జరిపి, "డజ్ షీ నో?" అని అడిగింది.

ఎవరి గురించి అడుగుతోందో నేను తిరిగి అడగనక్కర్లేదు.

మా ఊరి బడికి ఫోన్ చేస్తే అక్కడి టీచరమ్మ మాట్లాడింది. ఊరి పిల్లలెవరూ ఇప్పుడు అక్కడ చదవడం లేదట. పొద్దున్నే పసుపు బస్సు వచ్చి వాళ్లను టౌనులోని ప్రైవేటు బడికి తీసుకుపోతుందట. గది, బోర్డు, బెంచీలు అన్నీ ఇప్పుడు పేట పిల్లలవే, పక్కన కూర్చునేవాళ్లే లేరు. నేనడిగిన మనిషి అక్కడే మధ్యాహ్న భోజనం వండుతుందని చెప్పి నంబరు ఇచ్చింది.

శనివారం పొద్దున చేశాను. అక్కడ సాయంత్రం. మా నాన్న పేరు చెప్పాను.

"బాబుగారూ, మీరా" అంది. గుర్తుపట్టలేదని గొంతే చెబుతోంది.

"అలా పిలవకండి" అన్నాను.

"అలవాటండీ."

కోర్టు లాయరు వచ్చిన రోజు గుర్తుందా అని అడిగాను.

"ఎందుకుండదండీ. బోర్డు మొత్తం చూసింది ఆ ఒక్కరోజేగా."

నేను ఆడిన అబద్ధం చెప్పాను. పుస్తకం మాట చెప్పాను. కేసు పోయింది నా వల్లేనని చెప్పాను. ఆమె అంతా విని, "మీ వల్ల కాదులెండి. నా వల్ల" అంది.

నాకు అర్థం కాలేదు.

"నన్ను స్తంభం కాడికి పిలిచి అడిగాడుగా ఆయన. రోజూ లోపలే కూర్చుంటావా అమ్మా అని. ఊఁ అన్నా. ఆయన కాయితం మీద రాసుకుంటన్నాడు. రాసింది జరిగిద్దనుకున్నా. ఊఁ అంటే రేపట్నుంచి లోపల కూర్చోనిస్తారనుకున్నా. నా మాట వల్లే కేసు పోయిందండీ. మా నాయన అదే తలుచుకుని తలుచుకుని పోయాడు. ఆయనకి చెప్పలేకపోయా."

నలభై ఏళ్లుగా నా తప్పు నా ఒక్కడి దగ్గరే ఉందనుకున్నాను. ఆ బరువు మోస్తున్నది ఆమె. మేం సాధన చేసిన సాయంత్రాల సంగతి ఆమెకు తెలియదు. తెలిసినవాళ్లం మేమంతా నోరు మూసుకున్నాం.

అప్పుడు సుద్దగళ్ల గురించి చెప్పాను.

"ఎప్పుడు?" అంది.

"మూడు సాయంత్రాలు. మీరంతా ఇళ్లకు వెళ్లాక."

"మా చోటని గళ్లు గీశారా?"

"గీశారు."

వెనక ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మీరు ఊఁ అనకముందే అంతా అయిపోయింది" అన్నాను. "అందులో మీ తప్పేమీ లేదు. ఈ మాట మీకు ఎప్పుడో చెప్పాల్సింది. చెప్పకపోగా, లేని పుస్తకం కథ చెప్పుకుని ఇక్కడ మంచివాణ్ణనిపించుకున్నాను. నన్ను క్షమించండి."

ఆమె సరే అనలేదు. పర్వాలేదనీ అనలేదు.

"మా నాయన ఉన్నప్పుడు చెప్పాల్సిందండీ" అంది.

అవునన్నాను. ఆయనకే ముందు చెప్పాల్సిందన్నాను. ఆయన పేరు అడిగి తెలుసుకుని, ఆ పేరు పలికి, ఆయనకు కూడా క్షమాపణ చెప్పాను.