మట్వాడలో ఎత్తు హాలు

1943 వేసవిలో వరంగల్ మట్వాడలో ఒక ఇంటి పనికి నన్ను ఓవర్సియర్‌గా వేశారు. అప్పుడు హన్మకొండలో ఒక గుత్తేదారు దగ్గర ఉద్యోగం చేస్తున్నాను. మేస్త్రీకి పైన, ఇంజనీరుకు కింద ఉండే హోదా నాది. పని నక్షా ప్రకారం సాగుతున్నదా, సున్నం సరిగా నానిందా, గోడ తిన్నగా లేస్తున్నదా అని చూడటం నా బాధ్యత. ఇంటి యజమాని వీరేశం మిర్చి వ్యాపారి. హైదరాబాదులో ఎవరో నవాబు ఇంట్లో రెండంతస్తుల ఎత్తున్న హాలు చూసి మనసు పారేసుకున్నాడు. హాల్లో నిలబడి తలెత్తితే టోపీ వెనక్కి పడిపోవాలని ఆయన కోరిక. ఇంతకు మించి కొలత ఏదీ ఇవ్వలేదు.

అలాంటి గదివల్ల లాభం ఉంది. వేడిగాలి పైకి చేరి పై కిటికీల గుండా బయటికి పోతుంది. ఎండాకాలంలో కింద కూర్చున్నవాడికి హాయి. నష్టాలూ ఉన్నాయి. పైన ఒక గది పడే చోటు ఖాళీగా పోతుంది. బూజు దులపాలన్నా పెద్ద నిచ్చెన కావాలి. వీరేశం భార్య అనసూయమ్మ మొదటిరోజే నన్ను అడిగింది: "సారూ, ఆ మీది ఖాళీల ఎవరుంటరు? గబ్బిలాలా?" వీరేశం విననట్టు ఇసుక గురించి మాట్లాడాడు.

యుద్ధం మూలంగా ఇనుప దూలాలు దొరకలేదు. అందుకని హాలు కప్పును ఇటుక, సున్నంతో బోర్లించిన దోనెలాగా వంపుగా కట్టి, లోపల గచ్చు అద్దంలా నున్నగా తీర్చాం. హాలుకు ఒక చివర, పై అంతస్తులో హాల్లోకి తెరుచుకునే కటకటాల వసారా ఉంది. దాని మూలన వీరేశం తల్లి నర్సమ్మ మంచం వేశారు. ఆమెకు చాలా ఏళ్లుగా చెవులు సరిగా వినపడవు. ఆ ధైర్యంతో ఇంట్లోవాళ్లు ఆమె ఎదుటే ఆమె గురించి ధారాళంగా మాట్లాడుకునేవారు.

గృహప్రవేశమైన కొద్ది రోజులకే రమ్మని కబురొచ్చింది. వెళితే వీరేశం నన్ను హాల్లో నిలబడనివ్వలేదు. నేరుగా పెరట్లోని బర్రెల కొట్టానికి తీసుకుపోయాడు. అనసూయమ్మ అప్పటికే అక్కడుంది.

"ఓవర్సీర్ సాబ్, మా అమ్మకు చెవులొచ్చినయ్," అన్నాడు వీరేశం.

మంచిదే కదా అన్నాను.

"మీరు మా ఇంట్ల ఉంటలేరు గద, మీకు మంచిగనే ఉంటది," అన్నది అనసూయమ్మ.

సంగతి ఇది. అత్తగారు నెయ్యి ఎక్కువ పోయించుకుంటున్నదనీ, రేపటినుంచి చిన్న గరిటె వాడాలనీ భార్యాభర్తలు హాల్లో గుసగుసలాడుకున్నారు. పైనుంచి, "చిన్న గరిటైతే రెండుసార్లు పొయ్యుండ్రి," అని జవాబు వచ్చింది. మరునాడు వీరేశం ఒక కొనుగోలుదారుకు సరుకు చూపిస్తూ కొత్త పంట అన్నాడు. "అది నిరుటిది గాదుర?" అని పైనుంచి ప్రశ్న. కొనుగోలుదారు చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అప్పటినుంచి ఇంటి మాటలన్నీ బర్రెల కొట్టంలోనే. మనుషుల రాకపోకలు ఎక్కువై బర్రె పాలు తగ్గించిందని అనసూయమ్మ ఫిర్యాదు.

నేను పైకెళ్లి నర్సమ్మ మంచం మీద కూర్చుని, నా వెంట వచ్చిన మేస్త్రీని కింద హాల్లో మెల్లగా మాట్లాడమన్నాను. నా చెవిలో నోరు పెట్టి చెప్పినట్టే వినిపించింది. వంపు తిరిగిన నున్నటి గచ్చు కింది శబ్దాన్నంతా ఏరి తెచ్చి ఆ మూలన పోస్తున్నది. మంచం కాస్త పక్కకు జరిపితే ఏమీ వినపడదు. కిందికి దిగి హాల్లో వీరేశంతో ఆ మాటే చెప్పాను. పైనుంచి నర్సమ్మ తాను మంచం దిగనన్నది.

గుడ్డ, గోనె శబ్దాన్ని పీల్చుకుంటాయి కనుక కప్పు కింద గోనెపట్టాలు వేలాడదీయమన్నాను. వీరేశం ఖర్చెందుకని తన ఖాళీ మిర్చి సంచులే కట్టించాడు. గాలి వీచగానే ఇంటిల్లిపాదీ తుమ్మడం మొదలుపెట్టారు. ప్రతి తుమ్మూ కప్పుకు తగిలి రెండింతలై తిరిగొచ్చింది. పక్కింటివాళ్లు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు, వచ్చినవాళ్లూ తుమ్మారు. సంచులు దింపించాం.

చివరికి కింది మాట పైకి చేరకుండా హాలు మధ్యలో చెక్క అంతస్తు వేసి, ఎత్తును రెండుగా విడదీయాలని తేల్చాం. ఏటూరునాగారం నుంచి టేకు దూలాలు బండ్ల మీద వచ్చాయి. ఆ రోజు వీరేశం సంబరంలో మరిచిపోయి హాల్లోనే నా చెవి దగ్గరకొచ్చాడు.

"అమ్మ అడిగితే కప్పు మరమ్మతని చెప్పుండ్రి."

"మరమ్మతు కప్పుకు గాదు కొడుకా, నా చెవులకు జేస్తున్నవ్," అన్నది నర్సమ్మ పైనుంచి.

ఆమె కటకటాలు పట్టుకుని నాతో అన్నది: "సారూ, ఇన్నేండ్ల సంది వీళ్లు పెదవులు కదుపుతాంటే చూసుకుంట కూసున్న. అందరు నవ్వితే నేను గూడ నవ్విన, ఎందుకో తెల్వకుంటనే. ఇప్పుడు తిట్టినా సరే, ఇనవడ్తాంది. దాన్ని జర మూయకుండ్రి."

వీరేశం నేల చూపులు చూశాడు. మొదటినుంచీ ఈ హాలంటే గిట్టని అనసూయమ్మే ముందుకొచ్చి మాట్లాడింది.

"హాలు అట్లనే ఉండనియ్యుండ్రి. నెయ్యి గూడ పెద్ద గరిటెతోనే పోస్త. మనకే ఇంకో జాగ చూసుకుందం."

తెచ్చిన దూలాలతో పెరట్లో తల తగిలేంత తక్కువ ఎత్తులో ఒక చిన్న గది కట్టాం. నక్షాలో దానికి పేరు రాయాలి కనుక వీరేశం 'సామాన్ల గది' అని రాయించాడు. అందులో ఎన్నడూ సామాను పెట్టలేదు. ఇద్దరు కలిసి అటు నడిస్తే నర్సమ్మ పై కిటికీలోంచి చూసి, "ఇయ్యాల ముచ్చట నా మీదనే," అని మనుమలకు చెప్పేదట.

తరువాత అలాంటి హాళ్లు మరికొన్ని కట్టించాను. ఎత్తు వల్ల చల్లదనం నిజమే, ప్రతిధ్వని కూడా నిజమే. గది కొలతలతోపాటు అందులో ఎవరు ఎక్కడ కూర్చుంటారో, పైన ఎవరు పడుకుంటారో ముందే అడగాలని మట్వాడ పని నాకు నేర్పింది. అడిగినప్పుడు యజమానులు వింతగా చూసేవారు. కారణం చెప్పాక చాలామంది కప్పును చదునుగానే వేయించుకున్నారు. ఒక పెద్దాయన మాత్రం కొడుకును బయటికి పంపించి, కప్పు వంపుగానే కావాలన్నాడు. తన మంచం సరిగ్గా ఎక్కడ వేయాలో నేల మీద బొగ్గుతో గీసిమ్మన్నాడు.