ముందూ వెనకా బందులున్న పెట్టె

ఆ రోజుల్లో నా కాళ్లకు నిలకడంటే తెలియదు. ఏలూరులో బస్సెక్కితే గుండుగొలను ఇంకా రెండు స్టాపులుందనగానే లేచి తలుపు దగ్గర నిలబడేదాన్ని ("కూర్చోండమ్మా, మీరు లేచినంత మాత్రాన బస్సు ముందు చేరదండి" అనేవాడు కండక్టరు). అలాంటి నన్ను, డిగ్రీ పూర్తయిన వేసవిలో, కొల్లేటి వైపున్న ఒక పాత దిబ్బ తవ్వకంలో సహాయకురాలిగా పెట్టుకున్నారు. చిన్న బ్రష్షు పట్టుకుని రోజుకు జానెడు మన్ను దులపడం నా పని. అంత ఓపిక కొల్లేటి కొంగలకు చెల్లుతుంది గానీ నాకెక్కడిది!

పదో రోజు నా బ్రష్షు కింద ఆకుపచ్చటి అంచు ఒకటి తేలింది. దులిపే కొద్దీ తామరపువ్వులా చెక్కిన కంచు రేకు, దాని చుట్టూ నాలుగు మూలరేకులు, రెండు మడత బందులు, ఒక గొళ్ళెం బయటపడ్డాయి. ఎవరిదో నగిషీ పెట్టె. చెక్క ఏనాడో మట్టిలో కలిసిపోయింది. తవ్వకానికి పెద్ద అయిన మేడంగారు వచ్చి చూసి, "ఎవరూ ముట్టుకోకండి. ఏ రేకు ఎక్కడ పడి ఉందో చూస్తేనే పెట్టె ఆకారం తెలిసేది. ఫొటోలు తీసే ఆయన తాడేపల్లిగూడెం నుంచి వస్తున్నారు, తీసుకొస్తాను" అని జీపెక్కారు.

గంట గడిచింది. దిబ్బ చుట్టూ పన్నెండుసార్లు తిరిగాను. అంతలో ఆకాశంలో ఒక మబ్బు కనిపించింది (అరచేతంత మబ్బు, ఒప్పుకుంటున్నాను). వానొస్తే ఏం గాను? ఎనిమిదింటినీ గబగబా ఏరి, బకెట్లో కడిగి, కాగితం మీద వరసగా పేర్చాను.

"అదేంటండి అమ్మాయిగారూ, ముట్టుకోవద్దన్నారు కదండీ!" అంది మట్టి మోసే పిన్ని. ఆ దిబ్బ మీద అందరికీ ఆవిడ పిన్నే.

"వాన పిన్నీ, వాన!"

"ఎక్కడండీ?" అని పైకి చూసి, తన ఖాళీ గంప తెచ్చి గుంటలో బోర్లించింది. అదెందుకో అడిగే తీరిక నాకు లేదు. దూరంగా జీపు చప్పుడు. గంప పక్కనున్న ఖాళీ జాగాలో ఎనిమిది రేకులనూ నాకు తోచినట్టు పరిచేశాను.

మేడంగారు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశారు. "ఏమ్మా, ఈ పెట్టెకు ముందొక బందు, వెనకొక బందు ఉన్నాయి. మూత ఎలా తీసేవారంటావు?"

"తీసేవారు కాదేమోనండీ" అన్నాను (నిజంగానే అన్నాను).

ఫొటోలాయన మొహం తిప్పుకుని దగ్గాడు. నాకు ఏడుపొచ్చేసింది. "నేనే తీశానండీ. కడిగాను కూడా."

"కడిగావా!" ఆవిడ గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "ఇన్ని వందల ఏళ్లు ఆగింది కదమ్మా. ఇంకొక్క గంట ఆగనిస్తే పోయేది."

అప్పుడు పిన్ని ముందుకొచ్చి, "ఏవండీ మేడంగారూ, ఇదొకసారి చూడండి" అంటూ గంప ఎత్తింది. కింద మట్టి మీద ఎనిమిది పచ్చని మరకలు, ఆరిన ముగ్గులా స్పష్టంగా ఉన్నాయి. కంచు చిలుము దిగిన చోట్లవి. "ఎవరైనా తొక్కేస్తారని మూశానండి." ఫొటోలన్నీ ఆ మరకలకే తీశారు. సాయంత్రానికి మేడంగారి కాగితం మీద పెట్టె లేచి నిలబడింది: వెనక రెండు బందులు, ముందు గొళ్ళెం, మూత నడుమ తామరపువ్వు. నన్ను పంపించేస్తారనుకున్నాను. "రేపటి నుంచి పిన్ని పక్కనే కూర్చో. ఆవిడ లేవమంటేనే లేవాలి" అన్నారంతే.

ఆఖరి రోజు అందరం నిలబడి తీయించుకున్న ఫొటో ఇప్పుడు వట్లూరు ఇంట్లో, నా బల్ల మీద ఉంది. మేడంగారు, పిన్ని, మిగతా వాళ్లంతా కదలకుండా నిలబడ్డారు. చివర్లో ఒకమ్మాయి మాత్రం ఎటో తిరగబోతూ మసకగా పడింది. అంత తొందరగా తనెక్కడికి వెళ్లాలనుకుందో ఎంత ఆలోచించినా గుర్తు రాదు. ఎక్కడికైతేనేం, పాపం, వెళ్లనీ అనిపిస్తుంది.